కషాయం, కర్పూరం, టీ ట్రీ నూనె: ఏది ఎంతవరకు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వానలు మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు, దగ్గు. నాలుగేళ్ళ పాపకీ తొమ్మిది నెలల బాబుకీ మాటిమాటికీ యాంటీబయాటిక్ పట్టించడం మీకు ఇష్టం లేదు. అత్తగారు కర్పూరం, నీలగిరి తైలం, వస కొమ్ము అంటున్నారు. ఆఫీసులో ఫ్రెండేమో టీ ట్రీ ఆయిల్ (మన టీ మొక్కది కాదు, ఒక ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నూనె), ఒరెగానో ఆయిల్ తెప్పించుకుని నీళ్ళలో నాలుగు చుక్కలు వేసి తాగమంటోంది. మీవారికి గజ్జల్లో తామర, ఆరు నెలలుగా తగ్గడం లేదు. వీటిలో ఏది నిజంగా ఇన్ఫెక్షన్‌ని తగ్గిస్తుంది, ఏది ఉత్త నమ్మకం అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. 28 ఏళ్ళుగా మెడికల్ షాపు కౌంటరు వెనక నిలబడ్డాను. అంతకుముందు పదిహేడేళ్ళు మా నాయనమ్మ చేతి కషాయాలు తాగి పెరిగాను. ఆకు పసర్లని వెక్కిరించే అలవాటు నాకు లేదు, అలాగని కళ్ళకద్దుకునే అలవాటూ లేదు.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. మందు క్రిమి దాకా వెళ్ళాలి, వెళ్ళిన చోట తగినంత చిక్కగా ఉండాలి. ఈ రెండూ కుదిరే చోటు మన ఒంట్లో చర్మం, నోరు, పళ్ళ చిగుళ్ళు, మహా అయితే గొంతు పైభాగం. అక్కడ ఆకులూ నూనెలూ కొంత పని చేస్తాయి. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రక్తం, చెవి లోపలి భాగం, ఇవి వాటికి అందవు.

మీ ఫ్రెండ్ చూపించిన వీడియోలో ఒక గాజు గిన్నె ఉండే ఉంటుంది. అందులో క్రిములు పెంచి, మధ్యలో నూనెలో ముంచిన కాగితం బిళ్ళ పెడతారు. మర్నాటికి బిళ్ళ చుట్టూ క్రిములు లేని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. అది అబద్ధం కాదు. లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, వాము నూనె, టీ ట్రీ అన్నీ ఆ గిన్నెలో క్రిముల్ని చంపుతాయి. బ్లీచింగ్ పౌడరు వేసినా చంపుతుంది, వెనిగర్ పోసినా చాలావరకు చంపుతుంది. గిన్నెలో ఉన్నంత చిక్కదనం మన రక్తంలోకి రావాలంటే ఎంత నూనె తాగాలో లెక్క వేస్తే, క్రిమి కంటే ముందు మన లివరు పోతుంది. నాలుగు చుక్కలు తాగితే కడుపులో మంట పుడుతుంది గానీ జబ్బు తగ్గదు, టీ ట్రీ నూనె అయితే మింగితే విషమే. పైగా నూనె నీళ్ళలో కలవదు. పైన తేలి, మొదటి గుక్కలోనే నేరుగా నాలుకకీ గొంతుకీ అంటుకుని కాలుస్తుంది. ఒరెగానో తాగడం మానేయమని చెప్పండి. అందులో ఉన్న ఘాటు సరుకు మన వాములో ఉన్నదానికి దాయాదే. వాము నీళ్ళు తాగితే అదే రుచి, ఖర్చు రెండు రూపాయలు.

అలాగని ఆకులో మందు లేదనుకోకండి. మీ ఇంట్లో దగ్గు సిరప్ సీసా తిప్పి చూడండి. బ్రోమ్‌హెక్సినో ఆంబ్రాక్సాలో ఉండే అవకాశం ఎక్కువ. మన అడ్డసరం ఆకులో ఉండే వాసిసిన్ అనే పదార్థాన్ని నమూనాగా పెట్టుకుని బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. అది ఒంట్లో మారితే వచ్చేదే ఆంబ్రాక్సాల్. మలేరియాకి ఇప్పుడు వాడే ఆర్టెమిసినిన్ కూడా చైనాలో పెరిగే మాచిపత్రి జాతి మొక్కలోంచి వచ్చింది. అది కనిపెట్టినందుకు తు యుయు గారికి 2015లో నోబెల్ ఇచ్చారు. ఆ కథలో అసలు సంగతి చాలామంది చెప్పరు. ఆకుని మరిగిస్తే మందు పాడైపోతోందని పాత చైనా వైద్య గ్రంథంలో ఒక వాక్యం చూసి ఆవిడకి తట్టింది. తక్కువ వేడిలో, ఈథర్ అనే ద్రావకంతో తీస్తే అప్పుడు నిలిచింది. ఆ ఆకుతో టీ కాచుకుని మలేరియాకి తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, ఎందుకంటే ఒక కప్పులో ఎంత మందు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆకులో మందు ఉండటం వేరు, మన గ్లాసులోకి రావడం వేరు.

ఇక పిల్లల సంగతి.

జలుబు నూటికి తొంభై పాళ్ళు వైరస్. దానికి అజిత్రోమైసిన్ మూడు బిళ్ళల స్ట్రిప్పు ఏమీ చేయదు. ఈ విషయంలో మీరు సరిగ్గా ఆలోచించారు. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనేది కాదని గుర్తు. మా షాపుకి వచ్చి "పోయినసారి ఇచ్చిన మూడు బిళ్ళలే ఇవ్వండి" అనేవాళ్ళకి నేను అల్లం రసం చెప్పి పంపిస్తే, పక్క షాపుకి వెళ్ళి కొనుక్కుంటారు. సరే.

నాలుగేళ్ళ పాపకి దగ్గు వస్తే రాత్రి పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వండి, కావాలంటే రెండు మూడు చుక్కల అల్లం రసం కలిపి. ఇది అమ్మమ్మల మాటే కాదు. ఇంగ్లండులో 2018లో ప్రభుత్వ సూచనల్లో కూడా మామూలు దగ్గుకి యాంటీబయాటిక్ కంటే ముందు తేనె అనే రాశారు. తేనె వైరస్‌ని చంపదు. గొంతు మీద పూతలా ఉండి గరగర తగ్గిస్తుంది, పిల్ల నిద్రపోతుంది, మీరూ నిద్రపోతారు.

బాబుకి మాత్రం తేనె నాలుక మీద చుక్క కూడా వద్దు. ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో ఒక్కోసారి బొటులిజం క్రిమి బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తవు, చంటిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం చిమ్ముతాయి. వసతో కలిపి తేనె నాకించే అలవాటు మన ఇళ్ళలో ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. వస పోస్తే మాటలు తొందరగా వస్తాయని నమ్మకం, ఎక్కువ మాట్లాడేవాళ్ళని వసపిట్ట అనడం దాంట్లోంచే వచ్చిందంటారు. మాటలు వస్తాయో రావో గానీ వాంతులు మాత్రం రావచ్చు. అమెరికాలో వసని తిండి పదార్థాల్లో కలపడం 1968లోనే నిషేధించారు. బాబుకి తల్లిపాలు, ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు, అంతే. సాంబ్రాణి పొగ కూడా జలుబు ఉన్నన్నాళ్ళు ఆపండి, పొగ పొగే.

ఒక పని నేర్చుకోండి. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. తొమ్మిది నెలల వాడికి నిమిషానికి 50 కానీ అంతకంటే ఎక్కువ కానీ వస్తే, పాపకి 40 కానీ ఎక్కువ కానీ వస్తే, అది జలుబు దాటిపోయింది. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్క కూడా పెట్టక్కర్లేదు, బయల్దేరండి. ఆ సమయంలో ఏ కషాయమూ, ఏ నూనే నిలబడవు.

కర్పూరం గురించి అత్తగారితో మీరు చెప్పలేకపోతే ఇది చదివి వినిపించండి.

పన్నెండేళ్ళ కింద, కార్తీక మాసం సాయంత్రం. దీపాలు పెట్టే వేళ. ఒకాయన రెండేళ్ళ పిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చి "వాంతులవుతున్నాయి, సిరప్ ఇవ్వండి" అన్నాడు. సిరప్ అందుకోబోతుంటే పిల్లాడి నోట్లోంచి గుప్పుమని గుడి వాసన వచ్చింది. ఏం తిన్నాడని అడిగితే ఏమీ తినలేదన్నాడు. ఇంటికి ఫోన్ చేయించాను. పూజ గూట్లో హారతి కర్పూరం పొట్లం విప్పి ఉంది, బిళ్ళలు తక్కువున్నాయి. పిల్లాడు పటికబెల్లం అనుకున్నాడు. సిరప్ పక్కన పెట్టేసి, వాంతి చేయించొద్దని చెప్పి, ఆటో ఎక్కించాను. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. రెండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. కర్పూరం మింగితే పావుగంట కూడా పట్టదు ఫిట్స్ రావడానికి, అందుకే వాంతి చేయించకూడదు, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకటి రెండు గ్రాములు చిన్నపిల్లల ప్రాణం తీయడానికి చాలు. నీలగిరి తైలమూ అంతే, టీ స్పూను కంటే తక్కువ మింగినా పిల్లలు స్పృహ తప్పిన కేసులు ఉన్నాయి. అమెరికాలో పూతమందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని రూలు. మన హారతి బిళ్ళ అంతా కర్పూరమే.

కొబ్బరి నూనెలో కర్పూరం కాచి బాబు ఛాతీకి రాయడం, ముక్కు కింద బామ్ రాయడం రెండూ వద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకి ఆ ఘాటుకి గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పెద్దవాళ్ళు రాసుకుంటే తప్పు లేదు. కాకపోతే ఒక సరదా సంగతి. మెంథాల్ పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది చూశారా, కొలిచి చూస్తే గాలి రాకపోకల్లో తేడా లేదు. ముక్కు లోపల చల్లదనం పసిగట్టే నరాల్ని అది గిలకొడుతుంది, మెదడు గాలి ఆడుతోందనుకుంటుంది. మోసమే గానీ హాయైన మోసం, నేనూ రాసుకుంటాను. మన తెలుగువాళ్ళకి బామ్ మీద కాస్త మమకారం కూడా ఉండాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టకపోతే, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిచేది కాదు.

మీ అత్తగారి దగ్గర అమృతధార సీసా ఉందన్నారు. అది చేయడం మాకు కాలేజీలో ప్రాక్టికల్. కర్పూరం, వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు మూడూ తెల్లటి గట్టి పలుకులు. ఒక పొడి గాజు సీసాలో సమంగా వేసి మూత పెట్టి ఊపితే, నీటి చుక్క కలపకుండానే, పొయ్యి అక్కర్లేకుండానే, కళ్ళ ముందే కరిగి నూనె అయిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను మా మేష్టారి మొహం చూశాను, ఏదో గారడీ చేశాడేమోనని. మూడు ఘన పదార్థాలు ఒకదాని కరిగే వేడిని ఇంకొకటి దించేస్తాయి, అంతే. చూడటానికి ముద్దుగా ఉంటుంది గానీ ఆ సీసాలో మూడోవంతు కర్పూరం ఉందని మర్చిపోకండి. పెద్దవాళ్ళు తలనొప్పికి కణతల మీద రాసుకోవడానికి ఉంచుకోండి. పిల్లలకి కడుపునొప్పి అని పంచదారలో చుక్క వేసి ఇవ్వొద్దు.

పెద్దవాళ్ళ జలుబుకి కషాయం మాత్రం నా ఓటు. అంగుళం అల్లం దంచి, అయిదారు మిరియాలు, గుప్పెడు తులసాకు, చిటికెడు పసుపు, గ్లాసున్నర నీళ్ళు గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడగట్టి బెల్లం కలుపుకోండి. ఇది రోగ నిరోధక శక్తిని పెంచేస్తుందని నేను చెప్పను. వేడి వేడిగా నీళ్ళు లోపలికి పోతాయి, కఫం పలచబడుతుంది, గొంతు సుఖపడుతుంది. గొంతు గరగరకి కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం, ఉప్పు నీళ్ళు పుక్కిలించడం మంచివే, ఎందుకంటే అవి తాకవలసిన చోటే తాకుతున్నాయి. ఆవిరి పట్టాలంటే పిల్లల దగ్గర బేసిన్‌తో వద్దు. కాలిన పిల్లల్ని చూసినవాణ్ణి. ఆవిరితో వైరస్ చావదు కూడా.

ఇక మీవారి తామర. అసలు కథ ఇక్కడుంది, నా తప్పు కూడా ఇక్కడే ఉంది.

టీ ట్రీ నూనె చర్మం మీద పని చేసే మాట నిజం. ఆస్ట్రేలియాలో 1990లో మొటిమలున్న 124 మందికి 5 శాతం టీ ట్రీ జెల్లు, 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడూ ఇచ్చి పోల్చారు. రెండూ తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా తగ్గించింది, మంట తక్కువ పెట్టింది. కాలి వేళ్ళ సందుల్లో వచ్చే ఫంగస్‌కి 25, 50 శాతం చిక్కదనంతో వాడి చూస్తే కొంత ఫలితం కనబడింది. కానీ కాలి వేళ్ళ చర్మం వేరు, గజ్జల చర్మం వేరు. అంత చిక్కటి నూనె గజ్జల్లో రాస్తే మీవారు ఆ రాత్రి ఫ్యాన్ కింద నిలబడే ఉంటారు. పలచన చేసి, అంటే 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో 12 చుక్కలు, దాదాపు 2 శాతం, రాస్తే మంట ఉండదు. ఫంగస్ కూడా చావదు. ఇంకో చిక్కు ఉంది. మూత తీసి నెలల తరబడి ఉంచిన టీ ట్రీ నూనె గాలి తగిలి మారిపోతుంది, ఆ మారిన నూనె చాలామందికి అలర్జీ తెస్తుంది. తామర పక్కన కొత్తగా దద్దుర్లు వస్తే, అది తామర పెరిగిందనుకుని ఇంకా రాస్తారు.

2018కి ముందు తామర అని ఎవరొచ్చినా మేం ఇచ్చేది ఒకటే రకం ట్యూబు. ఒక దాంట్లోనే ఫంగస్ మందు, యాంటీబయాటిక్, ఘాటైన స్టెరాయిడ్ మూడూ. రెండు రోజుల్లో దురద పోయేది, కస్టమరు దణ్ణం పెట్టేవాడు. ఒక టైలరు గారు నెలనెలా వచ్చి అదే ట్యూబు తీసుకెళ్ళేవాడు. ఏడాది తర్వాత ఒకరోజు పంచె పక్కకి తీసి చూపించాడు. తామర అంటే గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా ఉండాలి. ఆయనకి వలయంలో వలయం, నీళ్ళలో రాయి వేసినట్టు, మోకాలి దాకా పాకింది. తొడల చర్మం ఉల్లిపొర అయిపోయి తెల్లటి చారలు పడ్డాయి. స్టెరాయిడ్ దురదని నొక్కేసి ఫంగస్‌కి పందిరి వేసింది. దాన్ని నెలనెలా అమ్మింది నేనే. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది, నేను అంతకు ఏడాది ముందే మానేశాను. పెద్ద గొప్పేమీ కాదు, టైలరు గారి తొడలు చూశాక చేతులు రాలేదు.

మూలికా మలాం అని రైళ్ళలో, సంతల్లో అమ్మే డబ్బాలు కూడా జాగ్రత్త. రెండు రోజుల్లో దురద మాయం చేసే మలాంలో స్టెరాయిడ్ లేదని నేను నమ్మను.

మీవారు చేయవలసింది ఇది. స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము, చర్మ డాక్టరు చెప్పినది, మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు దాకా రాయాలి. మచ్చ పోయాక కూడా ఇంకో వారం పది రోజులు ఆపకూడదు, అందరూ ఆపేది ఇక్కడే. టవలు వేరు, లోదుస్తులు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో తిరగేసి ఆరేయాలి. బిగుతు జీన్స్ వానాకాలం అయ్యేదాకా బీరువాలో పెట్టాలి. మీకు కూడా ఉందేమో చూసుకోండి, ఇద్దరిలో ఒకరే వాడితే తిరిగి తిరిగి వస్తుంది. ఆరు నెలలుగా ఉందంటే నోటి మందు కూడా అవసరం పడొచ్చు.

వేపాకు, పసుపు ముద్ద రాయొచ్చా అని కూడా అడిగారు. అది గజ్జికి వాడి చూశారు. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో 814 మందికి రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందన్నారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది గానీ, ముద్ద రాయనివాళ్ళలో ఎంతమందికి తగ్గిందో పక్కన పెట్టి చూడలేదు. గజ్జికి, అంటే రాత్రిపూట వేళ్ళ సందుల్లో పీకే దురదకి, పర్మెత్రిన్ 5 శాతం ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవడం ఖాయమైన దారి. పసుపు గొప్పదనం కాదనను, గాయాల మీద పసుపు వాడకానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేస్తే మన కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. కానీ వంటింటి డబ్బాలో పసుపు తెరిచిన గాయంలో కూరేంత శుభ్రమైనది కాదు. రంగు కోసం ఏం కలిపారో కూడా చెప్పలేం. దెబ్బ తగిలితే ముందు కుళాయి కింద సబ్బుతో కడగండి, టీటీ ఎప్పుడు వేయించారో చూసుకోండి.

మీరు అడగలేదు గానీ అత్తగారు ఎప్పుడో ఒకప్పుడు అంటారు కాబట్టి రెండు మాటలు. చెవిపోటుకి వెల్లుల్లి కాచిన నూనె పోయొద్దు. లోపల పొర చిల్లు పడి ఉంటే నేరుగా లోపలికి దిగుతుంది, చిల్లు లేకపోయినా ఆ నూనె తడిలో ఫంగస్ పెరుగుతుంది. కళ్ళలో ఏ పసరూ పోయొద్దు, నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు తిరిగి రాదు. 2021లో కృష్ణపట్నంలో కోవిడ్‌కి ఇచ్చిన ఆకు మందుకి జనం బారులు తీరినప్పుడు కూడా ప్రభుత్వం అందులో కొన్నిటికి ఒప్పుకుని కంటి చుక్కలకి మాత్రం ఒప్పుకోలేదు.

కామెర్లకి నేల ఉసిరి అంటారు. 1988లో మద్రాసు డాక్టర్లు హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి నేల ఉసిరి ఇస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని పెద్ద పత్రికలో రాశారు. వేరే చోట్ల తిరిగి చేసి చూశారు, ఆ ఫలితం నిలవలేదు. మన ఊళ్ళలో పసరుకి తగ్గే కామెర్లు చాలావరకు నీళ్ళ వల్ల వచ్చే రకం, అవి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకి వస్తుంది.

అత్తగారికి బీపీ ఉందన్నారు కదా. దగ్గుకి అతిమధురం రోజూ చప్పరిస్తుంటే ఆపమనండి, అది బీపీని పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. గుండెకి రక్తం పలచబడే మందు వాడుతుంటే పసుపు, వెల్లుల్లి క్యాప్సూళ్ళు డాక్టరుకి చెప్పకుండా వద్దు, కూరలో వేసుకున్నది పరవాలేదు. తిప్పతీగ రసం కోవిడ్ రోజుల్లో ఇంటింటా తాగారు, దానితో లివరు దెబ్బతిన్నట్టు ముంబై డాక్టర్లు రాశారు, సంప్రదాయ వైద్యాలు చూసే కేంద్ర ఆయుష్ శాఖ వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ గొడవ తేలేదాకా నేనైతే మా ఇంట్లో వాడనివ్వను.

కర్పూరం పొట్లం, నీలగిరి సీసా, అమృతధార, టీ ట్రీ అన్నీ ఇవాళే పూజ గూట్లోంచి, డ్రెస్సింగ్ టేబుల్ మీంచి తీసి బీరువా పై అరలో పెట్టండి. బాబు పాకడం మొదలుపెట్టి ఉంటాడు ఈపాటికి.

మీవారు ఇప్పుడు రాస్తున్న ట్యూబు మీద మందు పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, అవి రాసి పంపండి. క్లోబెటసాల్ అని కానీ బీటామెథసోన్ అని కానీ కనిపిస్తే ఈ రాత్రి నుంచి రాయడం మానేయమనండి. ఆపిన నాలుగైదు రోజులు దురద రెట్టింపవుతుంది. అది చూసి భయపడి మళ్ళీ అదే ట్యూబు తీస్తారు, ముందే చెప్పి ఉంచండి.